టేపు అవతలి కొస

దయ్యం ఉందని ఎవరైనా అంటే, ఎత్తెంత, వెడల్పెంత అని అడిగే రకం నేను. చిన్నప్పుడు నరసరావుపేటలో మా వీధి చివరి ఇంట్లో దయ్యముందని పిల్లలందరూ చుట్టు తిరిగి ట్యూషన్‌కు వెళ్ళేవాళ్ళు. నేను మాత్రం దగ్గరదారి కదా అని ఆ ఇంటి ముందునుంచే వెళ్ళేవాణ్ణి. రెండేళ్ళలో అక్కడ నాకు ఎదురైంది ఒక్క కుక్క. అది కరిచింది కూడా. ఆ కాటుకు వేయించుకున్న సూదుల నొప్పి తెలుసు కాబట్టి కుక్కలను నమ్ముతాను. దయ్యాలను నమ్మను.

ఈ మాట ఇప్పుడు కూడా గట్టిగానే చెబుతాను. కాకపోతే ఒక తెల్ల బంగ్లాలో ఒక మంగళవారం మధ్యాహ్నం జరిగిన పని గురించి ఎవరైనా అడిగితే మాత్రం నా దగ్గర సమాధానం లేదు. అందుకే ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. మీకెవరికైనా తోస్తే చెప్పండి, సంతోషంగా ఒప్పుకుంటాను.

నా పేరు కోటేశ్వరరావు. పాత భవనాలను కొలిచి డ్రాయింగులు గీయడం నా పని. సింగపూర్ వచ్చి పదకొండేళ్ళయింది. మొదట్లో తువాస్‌లో ఫ్యాక్టరీ షెడ్లు గీసేవాణ్ణి. మూడేళ్ళ నుంచి నస్రీన్ మేడమ్ దగ్గర పనిచేస్తున్నాను. మేడమ్‌ది హైదరాబాద్. పాత ఇళ్ళను బాగుచేసే ఆర్కిటెక్ట్. ఆవిడ ఆఫీసులో ఉన్నది ఆరుగురం, కాఫీ మెషీన్‌తో కలిపి ఏడుగురం.

ఆ బంగ్లా నాకు ఒంటరిగా అప్పగించిన మొదటి సర్వే. అంతకుముందు అన్నింటికీ సీనియర్ ఒకాయన వెంట ఉండేవాడు. ఇది బాగా చేస్తే ఇకమీదట సర్వేలన్నీ నీవేనని మేడమ్ అన్నారు. ఆ రోజు సాయంత్రం యీషున్‌లో మా ఫ్లాట్‌కు వెళ్ళి మా ఆవిడ సుజాతకు ఈ సంగతి మూడుసార్లు చెప్పాను. మూడోసారి ఆమె టీవీ సౌండు పెంచింది.

ఇక బంగ్లా సంగతి. వందేళ్ళ కిందట ఇక్కడికొచ్చిన ఒక ఇంగ్లీషు దొర, తమ దేశంలో పల్లెటూళ్ళలో జమీందారులు కట్టుకునే పెద్ద ఇంటిని గుర్తు పెట్టుకుని, గుట్ట మీద కట్టించాడు. తెల్ల గోడలు, వాటి మీద అడ్డంగా నిలువుగా నల్ల దూలాలు. లోపల రెండంతస్తుల ఎత్తున పెద్ద హాలు. పనివాళ్ళు దొరల కంటపడకుండా తిరగడానికి వెనకవైపు వేరే మెట్లు. మంచు జారిపోవడానికని బాగా వాలుగా ఉన్న పైకప్పు. ఈ ఊళ్ళో మంచు కురిసింది ఫ్రిజ్‌లో మాత్రమే.

అన్నింటికంటే నవ్వొచ్చేది పొగగొట్టం. కప్పు మీద ఇటుకలతో కట్టిన ఇంత లావు పొగగొట్టం ఉంది. లోపలికెళ్ళి చూస్తే పొయ్యి లేదు. హాలు గోడ నిండా చెక్క పలకలు కొట్టేసి ఉన్నాయి. ఈ ఉక్కలో నెగడు వేసుకుని ఎవరు కూర్చుంటారు, చూసేవాళ్ళకు ఇంగ్లండులా కనపడాలని ఉత్తుత్తి గొట్టం కట్టి ఉంటారని మేడమ్ సహా అందరం అనుకున్నాం. ఇంటి ఓనరు ఆ గోడకు నిలువెత్తు గాజు బీరువాలు చేయిస్తున్నాడు. వాటికి కొలతలు శుక్రవారానికల్లా ఇవ్వాలి.

నాకు సాయంగా కాంట్రాక్టరు పంపిన మనిషి యర్రినాయుడు. పాలకొండ వైపు ఊరు. వడ్రంగి. నాకంటే పన్నెండేళ్ళు పెద్దవాడు కాబట్టి నాయుడన్నా అంటాను. ఆయన నన్ను బాబూ అంటాడు. ఏడేళ్ళు తువాస్ ఓడల యార్డులో పరంజాలు ఎక్కీ దిగీ మోకాళ్ళు అరిగిపోయాయి. టేపు పట్టుకునే ఈ పని దొరికినందుకు ఆయనకు ఎంత సంతోషమంటే, మొదటి రోజు టేపును కళ్ళకద్దుకున్నాడు. యార్డుకు తిరిగి పంపితే ఆ మోకాళ్ళతో నెల కూడా ఆగలేడని మా ఇద్దరికీ తెలుసు. ఆగలేని వాళ్ళను ఇంటికి పంపేస్తారు.

మా పని పద్ధతి కొంచెం చెప్పాలి, లేకపోతే జరిగింది అర్థం కాదు.

ఒకరు టేపు కొసను గోడకు ఆనించి పట్టుకుంటారు. రెండోవాళ్ళు ఇవతల అంకె చదివి పుస్తకంలో రాస్తారు. నా స్టీలు టేపు పాతది. కొసన ఉండే కొక్కెం వదులైపోయి ఒకటి రెండు మిల్లీమీటర్లు తేడా ఇస్తుంది. అందుకని కొస దగ్గర కాకుండా వంద మిల్లీమీటర్ల గీత దగ్గర గోడకు ఆనించి పట్టుకోమంటాను. చదివిన అంకెలోంచి వంద తీసేసి రాస్తాను. తువాస్‌లో నేర్చుకున్న అలవాటు. కొత్త టేపు కొనుక్కోవచ్చు కదా అని మేడమ్ అనేవారు. పాత టేపు మీద నాకో మమకారం.

లేజర్ మీటర్లు లేవా అంటారేమో. ఉన్నాయి. మాది ఆ వారం రిపేరుకు వెళ్ళింది. పైగా అది గోడ మీద పైపైన చూసి చెబుతుంది, టేపు గోడను ముట్టుకుని చెబుతుంది అని నేను అందరికీ లెక్చరిచ్చే వాణ్ణి. ఆ మాట తర్వాత నన్నే పట్టుకుంది.

ఆ హాలుకు అడ్డంగా చెక్కతో కట్టిన తెర లాంటి గోడ ఒకటి ఉంది. ఇంగ్లండు పెద్ద ఇళ్ళలో హాలును వరండా నుంచి వేరు చేయడానికి ఇలా కట్టేవారట. నడుము ఎత్తులో దానికి వరసగా చిన్న గళ్ళున్నాయి, చెయ్యి దూరేంత. తెరకు ఇవతల నేను, అవతల నాయుడన్న. గడిలోంచి టేపు కొస దూర్చితే ఆయన అందుకుని ఎదురు గోడ దాకా వెళ్తాడు. పాత గోడలు తిన్నగా ఉండవు కాబట్టి ఒకే వెడల్పును తొమ్మిది చోట్ల కొలవాలి. హాలు కిటికీలన్నీ మూసి ఉండడంతో అవతల చీకటి. మనిషి కనపడడు.

ఆ మంగళవారం పొద్దున్నుంచే మా ఇద్దరికీ కుదరలేదు. దగ్గర్లోని హాకర్ సెంటర్ తిండి కొట్లలో దమ్ బిర్యానీ పన్నెండున్నరకల్లా అయిపోతుందని నాయుడన్న గొడవ. ఈ తొమ్మిది కొలతలూ అయ్యేదాకా కదిలేది లేదని నేను. ఆయన మూతి ముడుచుకుని తెర అవతలికి వెళ్ళాడు.

అంతలో బయట గడ్డి కోసే మిషన్లు మొదలయ్యాయి. సింగపూర్‌లో ఉన్నవాళ్ళకు ఆ రొద గురించి చెప్పక్కర్లేదు. ఒకరి మాట ఒకరికి వినపడదు. అలాంటప్పుడు మేం టేపు లాగి మాట్లాడుకుంటాం. అవతలివాళ్ళు రెండుసార్లు లాగితే, పట్టుకున్నాను, చదువుకో అని. నేను ఒకసారి లాగితే, ఇక వదిలెయ్ అని.

పుస్తకంలో పేజీ పైన మొదలుపెట్టిన టైము, కింద ముగించిన టైము రాయడం నా అలవాటు. ఆ పేజీ పైన పన్నెండుంబావు అని ఉంది.

మొదటి గడిలో టేపు దూర్చాను. అవతల అందుకున్నారు. టేపు సాగింది. రెండుసార్లు లాగారు. చదివాను, వంద తీసేశాను, రాశాను. ఒకసారి లాగాను. టేపు వెనక్కి వచ్చింది. పక్క గడికి వెళ్ళాను. ఇలా తొమ్మిది చోట్లా.

అప్పుడు నేను గమనించిన విషయం ఒక్కటే. నాయుడన్న టేపు వదిలాడంటే అది ఈలవేసుకుంటూ వచ్చి నా బొటనవేలికి తగులుతుంది. ఆ వేలు గోరు నెల రోజులుగా నీలంగానే ఉంది. ఆ రోజు తొమ్మిదిసార్లూ టేపు నెమ్మదిగా, ఎవరో చేత్తో పట్టుకుని గడి దాకా నడిచొచ్చి అందించినట్టు వచ్చింది. అలిగితే మనిషి ఎంత బుద్ధిగా పనిచేస్తాడో, రోజూ అలిగితే బాగుండు అనుకున్నాను.

అంకెల గురించి ఆలోచించలేదు. సైటులో ఆలోచించకూడదు, టేపు చెప్పింది రాయాలి, ఆలోచన ఆఫీసులో చెయ్యాలి. ఇది నేను నాయుడన్నకు రోజూ చెప్పే ఇంకో లెక్చరు. పన్నెండూ నలభైకి ముగించి, ముందు వాకిట్లో మెట్ల మీద కూర్చుని పెరుగన్నం తిన్నాను. నాయుడన్న ఒంటిగంటకు కాస్త ముందు గేటు వైపు నుంచి వచ్చాడు. ముగించగానే వెళ్ళి, బిర్యానీ దొరక్క తిరిగొచ్చాడనుకున్నాను. నేను మాట్లాడలేదు. ఆయనా మాట్లాడలేదు. సాయంత్రం దాకా అలాగే గడిచింది.

బుధవారం ఆఫీసులో డ్రాయింగ్ గీస్తే హాలు గోడ వింతగా వచ్చింది. రెండు చివర్లా మూడేసి చోట్ల గది వెడల్పు 7220 మిల్లీమీటర్లు. మధ్యలో మూడు చోట్ల 8130. గోడ మధ్యలో ఇంత పెద్ద గుంట. మేం కళ్ళారా చూసిన గోడేమో పలకతో నున్నగా, తిన్నగా ఉంది.

మేడమ్ నా వెనక నిలబడి స్క్రీన్ చూశారు.

"ఏంది కోటేశ్ ఇది? గోడకు కడుపొచ్చిందా?"

ఆఫీసంతా నవ్వింది. నాకు చెవులు కాలాయి. మళ్ళీ చూస్తానన్నాను. చూడ్డానికి ఏముంది, పుస్తకంలో నా చేతిరాతతోనే ఉన్నాయి అంకెలు.

"రేపు నేను కూడా వస్త. నా ముందర కొలవండి. ఫ్రైడే డ్రాయింగ్ పోవాలె. ఇట్ల తప్పులొస్తే సర్వే వేరేవాళ్ళకిస్తా, చెప్తున్న."

బయటికొచ్చి నాయుడన్నకు ఫోన్ చేశాను. కోపం మొత్తం ఆయన మీద కక్కేశాను. బిర్యానీ కోసం అలిగి ఎలాపడితే అలా పట్టుకుంటావా, నా పరువు తీశావు, ఇదీ అదీ అని. నేను ఆగాక ఆయన అందుకున్నాడు.

"బాబూ, తప్పయిపోనాది. ఆ యేళకి నానక్కడ ఉండనేదు. బిర్యానీకి ఎల్లినాను."

ఎగతాళి చేస్తున్నాడేమో అనుకున్నాను.

"ఎల్తన్నానని కేకేసినాను కదా. మీరు తలూపినారు. సరే అన్నారనుకున్నాను."

తలూపి ఉంటాను. అంకెలు రాసేటప్పుడు నా తల దానంతటదే ఊగుతుంది, మా ఆవిడ కూడా అంటుంది. కానీ ఆయన లేడంటే నమ్మలేకపోయాను. అప్పుడాయన వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు. ఇంటికి పంపుకున్న ఫొటో. ప్లేటులో బిర్యానీ, పక్కన ఆయన బొటనవేలు, పైన టైము పన్నెండూ ఇరవైరెండు. గేటు దగ్గర సెక్యూరిటీ అంకుల్ రిజిస్టరులో పన్నెండూ ఐదుకు వెళ్ళినట్టు, పన్నెండూ యాభైకి వచ్చినట్టు సంతకాలు కూడా పెట్టానన్నాడు.

ఆ ఫొటో వంక చూస్తూ ఆఫీసు మెట్ల మీద కూర్చుండిపోయాను. నవ్వాలో ఏం చెయ్యాలో తెలియలేదు. చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. ఆ మాట కథల్లో చదివినప్పుడు అతిశయోక్తి అనుకునేవాణ్ణి.

కాసేపటికి అసలు భయం పట్టుకుంది. అది దయ్యం భయం కాదు. ఆ పాత బంగ్లాలో ఎవరినీ లోపల ఒంటరిగా వదిలి వెళ్ళకూడదన్నది సైటులో మొదటి రూలు. నాయుడన్న నన్ను వదిలి వెళ్ళాడని తెలిస్తే కాంట్రాక్టరు ఆయన్ని మర్నాడే తువాస్ యార్డుకు పంపేస్తాడు. నాకు మిగిలినవి రెండే దారులు. అంకెల తప్పు నాదని ఒప్పుకోవాలి, లేదా ఆయన లేడని చెప్పాలి.

నేను తప్పులు ఒప్పుకునే మనిషిని కాదు. పెళ్ళయి పదేళ్ళయింది, సుజాతను అడగండి. కానీ ఆ మోకాళ్ళు గుర్తొచ్చాయి. లోపలికెళ్ళి, తప్పు నాదే మేడమ్, వంద తీసేయడంలో ఎక్కడో పొరబడ్డాను అన్నాను. ఆవిడ నన్ను అదోలా చూశారు. ఆ చూపు నాకు ఇప్పటికీ మంట.

గురువారం పొద్దున ముగ్గురం వెళ్ళాం. గేటు దగ్గర మేడమ్ రిజిస్టరులో సంతకం పెడుతున్నప్పుడు ముందు పేజీ తిప్పుతారేమోనని నాకూ నాయుడన్నకూ ప్రాణం పోయినంత పనైంది. తిప్పలేదు.

కిటికీలన్నీ తెరిపించారు. నాయుడన్న వంద గీత దగ్గర పట్టుకున్నాడు. నేను చదివాను, మేడమ్ రాశారు. తొమ్మిది చోట్లా వెడల్పు 7320. గోడ తిన్నగా ఉంది. మంగళవారం నా పేజీలో ఒక్క అంకె కూడా సరైనది కాదు.

అప్పుడు వెలిగింది నాకు. రెండు చివర్లా ఉన్న ఆరు కొలతల్లోనూ తేడా సరిగ్గా వంద. అంటే మంగళవారం టేపు పట్టుకున్నవాళ్ళు వంద గీత దగ్గర పట్టుకోలేదు. సున్నా దగ్గరే పట్టుకున్నారు. లోకంలో అందరూ పట్టుకునేట్టే పట్టుకున్నారు. వంద తీసేసింది నేను. మా అలవాటు వాళ్ళకు తెలియదు.

ఈ మాట మేడమ్ ముందు ఎలా అనను? నోరు మూసుకుని పుస్తకంలో ఒక మూల తీసేసిన వందలు తిరిగి కలిపాను. ఆరు చోట్ల 7320, సరిపోయింది. మధ్య మూడు చోట్ల 8230. అంటే గోడకంటే 910 ఎక్కువ. దాదాపు మూడడుగులు. మూడు చోట్లా ఒకటే.

మేడమ్ ఆ పేజీని నా చేతిలోంచి లాక్కున్నారు. అంకెలు చూశారు, గోడ వంక చూశారు, పైన కప్పు వైపు చూశారు. తర్వాత వెళ్ళి గోడ మధ్యలో పలకను వేలి కణుపులతో కొట్టారు. డొల్లగా మోగింది. చివర్లకెళ్ళి కొట్టారు. గట్టిగా ఉంది.

"పొగగొట్టం," అన్నారు.

బయట ఆ వైపున తర్వాతెప్పుడో కట్టిన స్టోరు గదులు ఆనుకుని ఉన్నాయి. వాటిని మేమింకా కొలవలేదు. కొలిచి ఉంటే గోడ వెనక మూడడుగులు లెక్కకు రావడం లేదని మాకే తెలిసేది. తెలియలేదు.

మేడమ్ ఓనరుకు ఫోన్ చేశారు. ఎలాగూ పీకేసేదే కదా, పీకండి అన్నాడాయన. నాయుడన్న తన ఉలితో పలకలు ఒక్కొక్కటీ ఊడదీశాడు. అంచులు కూడా చిట్లకుండా తీశాడు. ఇలాంటి పనిలో ఆయన చేతులు చూస్తే ముచ్చటేస్తుంది. కింద నేలకూ పలకకూ మధ్య సందు ఉందేమోనని నేను వంగి చూశాను. విజిటింగ్ కార్డు కూడా దూరలేదు.

వెనక చిన్న గదంత గూడు ఉంది. మధ్యలో ఇటుకల పొయ్యి, రెండు పక్కలా చెక్క బల్లలు, పైన అడ్డంగా ఇంత లావు దూలం. ఇంగ్లండు పల్లెటూరి పెద్ద ఇళ్ళలో చలికాలం ఇంట్లోవాళ్ళంతా ఆ బల్లల మీద పొయ్యికి అటూ ఇటూ కూర్చుని కబుర్లు చెప్పుకునేవారట. మేడమ్ ఇవన్నీ చెబుతూ చిన్నపిల్లలా గంతులేశారు. ఆ బల్లలు ఒక్క రోజైనా వాడినట్టు లేవు. పాపం ఆ దొర తన ఊరి మీద బెంగతో కట్టించుకుని ఉంటాడు, మొదటి నెలలోనే చెమటలు పట్టి మూయించేసి ఉంటారు.

గూట్లో కాలు పెట్టకుండా, బయటినుంచే స్టీలు టేపును కర్రలా చాచి మోకాలి ఎత్తులో లోతు కొలిచాం. పలక నుంచి వెనక ఇటుకల దాకా 910. తెర నుంచి 8230. మిల్లీమీటరు కూడా తేడా లేదు.

"కోటేశ్, నీది తప్పు కాదు. నాయుడు భాయ్, మీరే కరెక్ట్‌గ పట్టిండ్రు. ఎక్కడో సందులకెళ్ళి టేపు లోపలికి పోయినట్టుంది. షాబాష్. ఈ ఇల్లు అయ్యేదాకా నా దగ్గరనే ఉండండి, కాంట్రాక్టర్‌తో నేను మాట్లాడ్త."

గండం గడిచిందనుకున్నాను. ఇక అందరికీ అన్నీ దక్కాయి. నేను నాయుడన్న వైపు చూసి, ఏం మాట్లాడకు అని కళ్ళతో సైగ చేశాను. ఆయన నావైపు చూడనే లేదు. ఉలి కింద పెట్టి చేతులు దులుపుకున్నాడు.

"నాను పట్టనేదమ్మా."

"అంటే?"

"మంగళారం ఆ యేళకి బిర్యానీకి ఎల్లినాను. బాబు ఒక్కడే ఉన్నాడు. నాకోసమని సెప్పనేదు. కొస పట్టినోడు ఎవులో నాకు తెల్దు. ఎవులైనా, పని సేసినోడు ఆడు. ఆడి పనికి నా పేరెట్టుకుంతే నాకు అన్నం సయించదమ్మా. యార్డుకి ఎల్లమంటే ఎల్తాను."

మేడమ్ నావైపు తిరిగారు. ఇక దాచడానికి ఏముంది? ఫొటో చూపించాను. టేపు లాగిన సంగతి, నెమ్మదిగా వెనక్కి వచ్చిన సంగతి, అన్నీ చెప్పాను. ఆవిడ నేరుగా గేటు దాకా నడిచి వెళ్ళి రిజిస్టరు చూసి వచ్చారు. సెక్యూరిటీ అంకుల్‌ను కూడా అడిగారట, మేమిద్దరం తప్ప ఇంకెవరూ ఇంట్లోకి రాలేదన్నాడట. ఆయన ఆ సమయంలో గేటు దగ్గర గడ్డి కోసేవాళ్ళ పక్కనే నిలబడి ఉన్నాడు, వాళ్ళే సాక్ష్యం.

తర్వాత ఆవిడ ఫోన్ లైటు వేసుకుని గూడు ముందు వంగారు. నేల మీద వేలు మందాన దుమ్ము. ఒక్క అడుగు గుర్తు లేదు. ఎలుక నడిచిన గుర్తు కూడా లేదు. లైటు వెనక ఇటుకల మీదికి తిప్పారు.

"కోటేశ్, ఇట్ల రా."

ఇటుకల మీద కూడా అంతే దుమ్ము. నడుము ఎత్తులో మూడు చోట్ల మాత్రం బొటనవేలంత మేర శుభ్రంగా తుడిచినట్టుంది. ఎర్రటి ఇటుక కనపడుతోంది. టేపు కొసను గోడకు నొక్కి పట్టుకుంటే వేలు ఆనే చోట. నేను తెర గళ్ళతో సరిచూశాను. నాలుగో గడికి ఎదురుగా ఒకటి, ఐదో గడికి, ఆరో గడికి. మేడమ్ ఫొటోలు తీశారు. అవి ఇప్పటికీ ఆవిడ ఫోన్‌లో ఉన్నాయి.

భయమేసిందా అని అడుగుతారు అందరూ. నిజం చెబుతున్నాను, వెయ్యలేదు. ఎందుకో మరి, నవ్వొచ్చింది. ముందు నాయుడన్న మొదలుపెట్టాడు.

"జీరో కాడ పట్టినాడు సూడండి బాబూ. మన కంటే పద్ధతైన పనోడు."

మేడమ్ పగలబడి నవ్వారు. నవ్వు ఆగాక కళ్ళు తుడుచుకుని నాయుడన్నకు గట్టిగా తలంటారు. ఇంకోసారి మనిషిని ఒంటరిగా వదిలి వెళ్తే తానే యార్డుకు పంపుతానన్నారు. ఈసారికి మాత్రం, ఇల్లు అయ్యేదాకా ఉండమన్న మాట మాటేనన్నారు. నిజం చెప్పినవాణ్ణి పంపించి అబద్ధం చెప్పినవాణ్ణి ఉంచుకుంటే తన పని ఏం కావాలని నావైపు చూసి అన్నారు. నేను నేల చూపులు చూశాను.

గాజు బీరువాలు ఆగిపోయాయి. పొయ్యి గూడు అలాగే ఉంచుతున్నారు. ఓనరు ఇప్పుడు వచ్చినవాళ్ళందరికీ అదే ముందు చూపిస్తున్నాడు, ఏసీ పద్దెనిమిదిలో పెట్టి మరీ ఆ బల్లల మీద కూర్చోబెడుతున్నాడు.

ఆ తర్వాత నేను ఊరుకోలేదు. పలకల మధ్య ఏ సందైనా ఉందా అని ఊడదీసినవాటిని మళ్ళీ నేల మీద పేర్చి చూశాను. లేదు. అంకె తప్పు చదివానేమో అనుకుందామంటే, మూడుసార్లు ఒకేలా, అదీ నాకు తెలియని లోతును మిల్లీమీటరుతో సహా ఎలా తప్పు చదువుతాను? గోడను ముట్టుకుని చెబుతుందని టేపు గురించి గొప్పలు పోయింది నేనే. అది ముట్టుకున్న గోడ నాకు కనపడలేదంతే.

మా అమ్మాయి మేఘనకు తొమ్మిదేళ్ళు. ఈ కథంతా విని, ఇక్కడి బడి ఇంగ్లీషులో, "నాన్నా, దట్ వన్ ఫ్రెండ్లీ గోస్ట్ లా, వై యు సో స్ట్రెస్డ్?" అంది. సుజాత మాత్రం, ఎవరో ఒకరు నీ తప్పు నీకు చూపించారు, వాళ్ళకు దణ్ణం అంది.

కొత్త టేపు కొన్నాను. నాయుడన్న ఇప్పుడు సున్నా దగ్గరే పట్టుకుంటున్నాడు. టేపు మాత్రం అలాగే ఈలవేయిస్తూ వదులుతాడు. నా గోరు ఇంకా నీలంగానే ఉంది.

శుక్రవారం డ్రాయింగ్ పంపేముందు ఒక చిన్న సమస్య వచ్చింది. మా ప్రతి డ్రాయింగ్ కింద మూలన రెండు గళ్ళుంటాయి. చదివినవారు ఒకటి, పట్టినవారు ఒకటి. మేడమ్ రెండో దాంట్లో నాయుడన్న పేరు టైపు చేయించారు. ఆయన నా వెనక నిలబడి, స్క్రీన్ మీద వేలు పెట్టి, అది తీసెయ్యండి బాబూ అన్నాడు. ఆయన పేరు ఒక డ్రాయింగ్ మీద పడడం అదే మొదటిసారి అయ్యేది. రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ తల అడ్డంగా ఊపాడు. తీసేశాను.

ఆ డ్రాయింగ్ అలాగే వెళ్ళింది. ఆ గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది. ఎవరి పేరు రాయాలో తెలిస్తే ఈపాటికి రాసేవాణ్ణి.